దయ, న్యాయం: ‘ది కవనెంట్ ఆఫ్ వాటర్’ నవలలో వైద్యదృష్టి, వలసవాదం, విభజిత అస్తిత్వం

వ్యాససంగ్రహం

వైద్యవృత్తినుండి నవలారచనకు వచ్చిన అబ్రహాం వర్గీస్ 2023లో ప్రచురించిన ‘ది కవనెంట్ ఆఫ్ వాటర్’ 1900 నుండి 1977 వరకు తిరువాన్కూరు, మద్రాసు ప్రాంతాల జీవితాన్ని మూడు తరాల కథగా చెప్పిన ఆంగ్ల నవల. వలసపాలన, కులవ్యవస్థ, కుష్ఠువ్యాధి, వంశపారంపర్య రుగ్మత ఇందులో ఒకదానితో ఒకటి పెనవేసుకొని ఉన్నాయి. వైద్యుని చూపు ఈ నవలకు కథననిర్మాణాన్ని ఎలా సమకూర్చిందో, విభజిత అస్తిత్వం గల పాత్రలను అర్థం చేసుకోవడానికి అది ఎంతవరకు తోడ్పడిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. దయను పరమవిలువగా నిలిపిన ఈ నవలలో ఆ దయనే ప్రశ్నించే పాత్ర జోప్పన్. అతని ప్రశ్నకు నవల ఇచ్చిన సమాధానం అసంపూర్ణమని, ఆ అసంపూర్ణతను గుర్తించడంలోనే నవల విలువను సరిగా అంచనా వేయగలమని వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: చారిత్రక నవల, వలసవాదం, విభజిత అస్తిత్వం, వైద్యదృష్టి, కుష్ఠువ్యాధి, కులం, అబ్రహాం వర్గీస్.

1. ఉపోద్ఘాతం

చారిత్రక నవల అనగానే తెలుగు పాఠకునికి నోరి నరసింహశాస్త్రి ‘రుద్రమదేవి’, అడివి బాపిరాజు ‘హిమబిందు’, ‘గోన గన్నారెడ్డి’ వంటి రచనలు స్ఫురిస్తాయి. రాజవంశాలు, యుద్ధాలు, మతసంఘర్షణలు వాటి ఇతివృత్తాలకు ఆధారాలు. చారిత్రక నవలను సిద్ధాంతీకరించిన జార్జి లూకాచ్ మాత్రం ప్రసిద్ధ పురుషులను కథకు అంచున ఉంచి, పరస్పర విరుద్ధ శక్తుల నడుమ నిలిచిన సామాన్యుణ్ణి కేంద్రంగా చేసుకోవడమే ఈ ప్రక్రియకు బలమని వివరించాడు. చరిత్రగతి అటువంటి పాత్రల దైనందిన జీవితంలోనే స్పష్టంగా కనిపిస్తుందని అతని వాదం.

అబ్రహాం వర్గీస్ నవలను ఈ రెండవ మార్గంలో చేర్చవచ్చు. 1900లో పన్నెండేళ్ల బాలిక, భార్య చనిపోయిన నలభై ఏళ్ల వ్యక్తికి భార్యగా పరంబిల్ అనే ఇంటికి రావడంతో కథ మొదలవుతుంది. ఆమెనే తరువాత అందరూ బిగ్ అమ్మచ్చి అని పిలుస్తారు. రెండు ప్రపంచయుద్ధాలు, స్వాతంత్ర్యం, కేరళ రాష్ట్రావతరణ, కమ్యూనిస్టు ప్రభుత్వం, నక్సలైట్ ఉద్యమం ఆ ఇంటి గడప దాకా వచ్చి వెళ్తాయి. కథ అంతా వర్తమానకాల క్రియలలో నడుస్తుంది. గతాన్ని గురించిన నవలకు ఈ పద్ధతి మొదట వింతగా తోచినా, రోగి మంచం పక్కన నిలబడి ఆ క్షణానికి కనిపించినదాన్ని నమోదు చేసే వైద్యుని రాతకు ఇది దగ్గరగా ఉంది. నవలలోని చరిత్రదృష్టికి కూడా ఈ వైద్యదృష్టే ఆధారం.

2. వైద్యంనుండి నవలకు

వర్గీస్ 1955లో ఇథియోపియా రాజధాని అడిస్ అబాబాలో, అక్కడ ఉపాధ్యాయులుగా పనిచేస్తున్న మలయాళీ క్రైస్తవ దంపతులకు జన్మించాడు. అక్కడే వైద్యవిద్య ప్రారంభించాడు. 1974లో చక్రవర్తి హైలే సెలాసీ పదవీచ్యుతుడైన తరువాతి కల్లోలంలో ఆ చదువు ఆగిపోయింది. అమెరికాలో కొంతకాలం ఆసుపత్రి సహాయకుడుగా పనిచేసి, తరువాత మద్రాసు వైద్యకళాశాలలో చేరి ఎం.బి.బి.ఎస్. పూర్తిచేశాడు. మళ్లీ అమెరికా వెళ్లి టెనెసీ రాష్ట్రంలోని జాన్సన్ సిటీలో ఎయిడ్స్ రోగులకు చికిత్స చేసిన అనుభవాన్ని ‘మై ఓన్ కంట్రీ’ (1994) అనే స్మృతిగ్రంథంగా వెలువరించాడు. అయోవా విశ్వవిద్యాలయంలో సృజనాత్మక రచనను ప్రత్యేకంగా అభ్యసించాడు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడుగా, యంత్రపరీక్షల కాలంలోనూ రోగిని చేతితో తాకి పరీక్షించడం అవసరమని నిరంతరం వాదించే వైద్యుడుగా ప్రసిద్ధుడు.

పుట్టుక ఆఫ్రికాలో, మూలాలు కేరళలో, చదువు మద్రాసులో, వృత్తి అమెరికాలో గడిచిన రచయితకు ‘సొంత ఊరు’ అన్న మాట సులభమైనది కాదు. తొలి నవల ‘కటింగ్ ఫర్ స్టోన్’ (2009)లో ఈ చిక్కు శరీరరూపం ధరించింది. అడిస్ అబాబాలోని ఒక మిషన్ ఆసుపత్రిలో, మలయాళీ సన్యాసినికి, ఆంగ్లేయ శస్త్రవైద్యునికి, తలలు అతుక్కొని పుట్టిన కవలల కథ అది. పుట్టుకతోనే శస్త్రచికిత్సతో వేరుపడిన మరియన్, శివ అనే ఆ సోదరులు జీవితాంతం ఒకరికొకరు మిగతా సగమై ఉంటారు. వలసకాలపు సంబంధంనుండి పుట్టిన అస్తిత్వం రెండుగా చీలి కూడా విడిపోలేకపోవడాన్ని ఆ నవల ఒక వైద్యసంఘటన ద్వారా చెప్పింది.

‘కటింగ్ ఫర్ స్టోన్’ మరియన్ చెప్పే ఉత్తమపురుష కథ. ‘ది కవనెంట్ ఆఫ్ వాటర్’లో కథకుడు ప్రథమపురుషలోకి జరిగాడు. ఒక వ్యక్తి గాయంనుండి ఒక సమాజపు గాయానికి విస్తరించిన ఈ మార్పు రచయిత పరిణతిని సూచిస్తుంది. ఈ రెండవ నవలకు రచయిత తల్లి మనుమరాలికోసం రాసిపెట్టిన బాల్యస్మృతులు ప్రేరణ కావడం కూడా గమనించదగినది.

3. చరిత్రను రోగచరిత్రగా చదవడం

పరంబిల్ కుటుంబంలో ప్రతి తరంలోనూ ఎవరో ఒకరు నీటిలో మునిగి మరణిస్తారు. కాలువలు, కాయల్లు, వానలు తప్ప మరొకటి లేని నేలలో ఈ ఇంటివారు పడవ ఎక్కడానికి భయపడతారు. దీన్ని వారు ‘కండిషన్’ అని పిలుచుకుంటారు. మరణాలను గుర్తుపెట్టిన వంశవృక్షపు కాగితం ఒకటి ఆ ఇంట్లో తరాలుగా భద్రంగా ఉంటుంది. బిగ్ అమ్మచ్చి సవతి కుమారుడు జోజో పొలానికి నీరు పారే చిన్న కాలువలో మునిగి చనిపోయిననాడు ఆ కాగితం ఆమె చేతికి వస్తుంది. ఈ రుగ్మతకు పేరు, కారణం తెలిపే ఒక వైద్యుణ్ణి పంపమని ఆమె చేసే ప్రార్థన నవలకు ఇరుసు వంటిది.

‘కవనెంట్’ అన్న మాటకు తెలుగు క్రైస్తవులు తరతరాలుగా వాడుతున్న మాట నిబంధన. పాత నిబంధన, కొత్త నిబంధన అన్నప్పుడు అది దేవునికీ మనిషికీ మధ్య ఒడంబడిక. అదే మాట నిత్యవ్యవహారంలో షరతు అనే అర్థాన్నిస్తుంది. ఆంగ్లంలో ‘కండిషన్’కు షరతు, శరీరస్థితి అనే రెండు అర్థాలూ ఉన్నాయి. నవల శీర్షికలోని ఒడంబడికకూ కుటుంబాన్ని వెంటాడే రుగ్మతకూ మధ్య ఆంగ్లంలో దాగి ఉన్న బంధుత్వం, తెలుగులో ‘నిబంధన’ అన్న ఒక్క మాటతో బయటపడుతుంది. అడగకుండానే వారసత్వంగా వచ్చినదాన్ని మోయవలసి ఉండడమే ఈ నవలలోని ప్రతి పాత్రకూ విధించిన నిబంధన.

వైద్యుడు రోగచరిత్రను సేకరించేటప్పుడు లక్షణాలను వరుసలో పెట్టి, తల్లిదండ్రుల వివరాలు అడిగి, ఒకదానితో ఒకటి పొసగని విషయాల వెనుక ఒక కారణాన్ని వెదుకుతాడు. నవల నిర్మాణం ఇదే క్రమాన్ని పాటిస్తుంది. నీటి భయం, నడకలో తూలు, వినికిడి లోపం తొలి అధ్యాయాలలో వేర్వేరు వ్యక్తుల స్వభావలక్షణాలుగా కనిపిస్తాయి. బిగ్ అమ్మచ్చి మనుమరాలు మరియమ్మ మద్రాసులో వైద్యవిద్య అభ్యసించి, తండ్రి ఫిలిప్పోస్ మరణానంతరం శవపరీక్షలో వినికిడినాడిపై కణితి బయటపడినప్పుడు అవన్నీ ఒకే రుగ్మత లక్షణాలని తెలుస్తుంది. చెవికీ శరీరసమతుల్యతకూ సంబంధించిన నాడి దెబ్బతిన్నవారు నీటిలో పైనేదో కిందేదో తెలియక మునిగిపోతారు. శాపమనుకొన్నది రోగమని తేలడం, కారణం తెలిసినంతమాత్రాన పోయినవారు తిరిగిరాకపోవడం ఇక్కడ కలిసే ఉన్నాయి.

ఈ కథనక్రమం పాఠకునికి ఒక అలవాటు నేర్పుతుంది. ప్రతి దుఃఖం వెనుకా కనుగొనదగిన కారణం ఒకటి ఉంటుందని అతడు ఎదురుచూడడం మొదలుపెడతాడు. వలసపాలన, కులం అనే రెండు వ్యవస్థలను కూడా ఇదే పద్ధతిలో చదవగలమా అన్నది అసలు సమస్య.

4. డిగ్బీ కిల్‌గోర్: పీడితుడు, పాలకుడు

నవలలో విభజిత అస్తిత్వానికి ప్రధాన ప్రతినిధి డిగ్బీ కిల్‌గోర్. గ్లాస్గో నగరంలో పేద క్యాథలిక్ కుటుంబంలో పుట్టి, తల్లి ఆత్మహత్యను చూసి, కష్టపడి శస్త్రవైద్యం నేర్చిన యువకుడు. ప్రొటెస్టెంట్ల ఆధిపత్యంగల స్వదేశంలో క్యాథలిక్కు అయినందున పైశిక్షణకు అవకాశం దొరక్క, ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరి 1933లో మద్రాసుకు వస్తాడు. ఓడ దిగిన క్షణంనుండి అతని స్థానం తలకిందులవుతుంది. స్వదేశంలో మతం కారణంగా వెనుకకు నెట్టబడినవాడు ఇక్కడ చర్మం రంగు కారణంగా ముందువరుసలో నిలుస్తాడు. తాను పీడితుడనే జ్ఞాపకం, తాను పాలకుడనే వాస్తవం రెండూ ఒకే మనిషిలో ఉండడం అతణ్ణి కుదురుగా ఉండనివ్వదు.

ఇండియన్ మెడికల్ సర్వీసు చరిత్ర ఈ పాత్రకు నేపథ్యం. ఆ ఉద్యోగాలకు పోటీపరీక్షల పద్ధతి వచ్చిన 1855లోనే సూర్జొకుమార్ గుడీవ్ చక్రవర్తి అనే బెంగాలీ వైద్యుడు అందులో ఉత్తీర్ణుడయ్యాడు. అయినా దశాబ్దాలపాటు పైస్థానాలు ఎక్కువగా ఐరోపా వైద్యులకే దక్కాయి. వలసపాలన భారతీయ శరీరాన్ని ఎలా తన అధికారక్షేత్రంగా మార్చుకుందో చరిత్రకారుడు డేవిడ్ ఆర్నాల్డ్ ‘కొలొనైజింగ్ ది బాడీ’ (1993)లో సాధికారంగా వివరించాడు. నవలలో క్లాడ్ ఆర్నాల్డ్ అనే పైఅధికారి ఈ వ్యవస్థకు ప్రతినిధి. నైపుణ్యం లేకున్నా హోదా చెక్కుచెదరని మనిషి. అతని అసమర్థత ఒక ఆంగ్లో ఇండియన్ రోగి ప్రాణాన్ని బలిగొంటుంది. రెండు జాతులకూ చెంది, ఏ జాతికీ పూర్తిగా చెందని రోగి ఆ కత్తికింద మరణించడం యాదృచ్ఛికం కాదు.

డిగ్బీకి గురువులుగా నిలిచేవారిలో భారతీయ శస్త్రవైద్యుడు రవిచంద్రన్ ఒకడు. పాలకజాతి యువకుడు పాలితజాతి వైద్యుని చేతిపనిని చూసి నేర్చుకొనే ఘట్టాలలో వలససంబంధం తాత్కాలికంగా తిరగబడుతుంది. అయితే ఆ సమానత్వం శస్త్రచికిత్స గదికే పరిమితం. గది దాటితే క్లబ్బులు, బంగళాలు, వార్డుల విభజన యథాతథంగా ఉంటాయి. వైద్యవృత్తి మనుషులను కలపగలదన్న విశ్వాసం, ఆ కలయిక గోడలు దాటలేదన్న ఎరుక ఈ అధ్యాయాలలో సరిసమానంగా నిలిచాయి. నవలలో వలసవాద చిత్రణ అత్యంత నిశితంగా ఉన్న భాగం ఇదే.

క్లాడ్ భార్య సెలెస్ట్‌తో డిగ్బీకి ఏర్పడిన అనుబంధం ఒక అగ్నిప్రమాదంలో ముగుస్తుంది. ఆమె మరణిస్తుంది. డిగ్బీ రెండు చేతులూ కాలిపోతాయి. శస్త్రవైద్యునికి చేతులే అస్తిత్వం. ఇక అతడు పూర్తిగా తెల్లదొరగానూ ఉండలేడు, వైద్యుడుగానూ ఉండలేడు.

5. స్పర్శ, నొప్పి, కుష్ఠు

కాలిన చేతులతో డిగ్బీ చేరుకొన్న చోటు సెయింట్ బ్రిజెట్స్ అనే కుష్ఠు ఆశ్రమం. దాన్ని నడుపుతున్న స్వీడన్ వైద్యుడు రూనె ఓర్‌క్విస్ట్ అతని చేతులకు శస్త్రచికిత్స చేస్తాడు. ఎల్సీ అనే తొమ్మిదేళ్ల చిత్రకారిణి చేతికి డిగ్బీ చేతిని కట్టి బొమ్మలు గీయించడంతో వేళ్లకు మళ్లీ కదలిక వస్తుంది. పాలకుని చేతిని పాలిత సమాజపు బాలిక నడిపించిన ఈ సన్నివేశం నవలలో అత్యంత అర్థవంతమైన వాటిలో ఒకటి.

కుష్ఠువ్యాధికి వలసపాలనతో ప్రత్యక్ష సంబంధం ఉంది. ఆ వ్యాధికి కారణమైన సూక్ష్మజీవిని నార్వే వైద్యుడు హాన్సెన్ 1873లో గుర్తించాడు. భారతదేశంలో 1898 నాటి చట్టం నిరుపేద కుష్ఠురోగులను నిర్బంధించి వేరుగా ఉంచే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. మరోవైపు, 1940ల చివరి సంవత్సరాలలో వెల్లూరులో పాల్ బ్రాండ్ చేసిన కృషి ఈ వ్యాధి గురించిన అవగాహనను మార్చింది. వేళ్లు రోగంవల్ల వాటంతట అవి కుళ్లి రాలిపోవు. నరాలు దెబ్బతిని నొప్పి తెలియకపోవడంతో, కాలినా కోసుకొన్నా రోగి గమనించడు. పదేపదే తగిలిన గాయాలతో అవయవం నశిస్తుంది. నొప్పి శత్రువు కాదని, కాపలాదారని బ్రాండ్ బోధించాడు.

ఈ వైద్యసత్యాన్ని నవలలో సామాజికార్థంలోకి విస్తరించి చదవడానికి అవకాశం ఉంది. ఎదుటివారి నొప్పి తెలియకపోవడం ఆధిపత్యం లక్షణం. క్లాడ్ ఆర్నాల్డ్‌కు రోగి నొప్పి తెలియదు. పరంబిల్ యజమానులకు తమ పొలంలో పనిచేసే పులయ కుటుంబం నొప్పి తెలియదు. ఇటువంటి పఠనంలో ఒక ప్రమాదం ఉన్నమాట నిజమే. రోగాన్ని నైతికపతనానికి ప్రతీకగా వాడడం రోగికి రెండవ శిక్ష అవుతుందని సూసన్ సోంటాగ్ 1978లోనే హెచ్చరించింది. వర్గీస్ ఈ ప్రమాదాన్ని చాలావరకు తప్పించుకొన్నాడు. ఆశ్రమంలోని రోగులు పేర్లు, పనులు, హాస్యం గల మనుషులుగా ఉంటారు. స్పర్శజ్ఞానం లోపించినవారు అక్కడ రోగులే అయినా, మనసుకు స్పర్శ లోపించినవారు ఆశ్రమం బయట ఉన్నారన్న వైరుధ్యాన్ని కథ ఎక్కడా వాచ్యం చేయకుండా చూపిస్తుంది.

6. జోప్పన్ ప్రశ్న

పరంబిల్‌లో షామువేల్ అనే పులయ వృద్ధుడు జీవితమంతా పనిచేశాడు. అతని కుమారుడు జోప్పన్, యజమాని కుమారుడు ఫిలిప్పోస్ బాల్యమిత్రులు. చదువు మొదలయ్యే చోట కులం కారణంగా జోప్పన్‌ను తరిమివేయడంతో ఆ స్నేహంలో తొలి చీలిక ఏర్పడుతుంది. షామువేల్ మరణానంతరం ఫిలిప్పోస్ ఎంతో ఉదారంగా జోప్పన్‌కు పరంబిల్ నిర్వహణ బాధ్యతను ఇవ్వజూపుతాడు. జోప్పన్ దాన్ని నిరాకరిస్తూ ఒక లెక్క చెప్పమంటాడు. తన తండ్రి పులయవాడు కాక ఆ ఇంటి బంధువే అయి, అడవి నరికి ఆ నేలను సాగులోకి తెచ్చి ఉంటే అతనికి ఎంత భూమి దక్కేది?

ఫిలిప్పోస్ తమ కుటుంబం చూపిన దయను గుర్తుచేసుకొంటాడు. జోప్పన్ ఆ దయనే నిలదీస్తాడు. దయగల బానిసయజమానికి బానిసత్వంలోని అన్యాయం అందరికంటె ఆలస్యంగా కనిపిస్తుందని, తన మంచితనమే అతని కళ్లకు అడ్డుపడుతుందని అతని వాదం. వెళ్లిపోయిన ఆంగ్లేయులు తాము ఇచ్చిపోయిన రైళ్లు, కళాశాలలు, ఆసుపత్రుల గురించి గొప్పలు చెప్పుకోవడం కూడా ఇటువంటిదే అంటాడు. వలసవాదం, కులం అంతవరకు కథలో వేర్వేరు పాయలుగా ప్రవహించాయి. వాటిని మొదటిసారి ఒకే వాక్యంలో చేర్చినవాడు జోప్పన్. డిగ్బీలోని చీలికను నవల సానుభూతితో వర్ణించింది. ఫిలిప్పోస్‌లోనూ అదే చీలిక ఉంది. ఆంగ్లేయుల పాలనలో అతడు పాలితుడు. ఇంటి వెనుక గుడిసెకు అతడే పాలకుడు. ఈ రెండవ సగాన్ని చూడగలిగేది గుడిసెలో పుట్టినవాడు మాత్రమే.

ఫిలిప్పోస్‌కు వినికిడి లోపం ఉంది. మద్రాసులో చదువు సాగకపోవడానికి అదే కారణం. నాడిపై పెరిగిన కణితి వల్ల వినిపించని మాటలు కొన్నయితే, పుట్టుకతో వచ్చిన అధికారం వల్ల వినిపించని మాటలు మరికొన్ని. మొదటిదానికి మరియమ్మ శవపరీక్షలో కారణం దొరుకుతుంది. రెండవదానికి శవపరీక్ష లేదు.

జోప్పన్ మాటలకు చారిత్రక భూమిక బలంగా ఉంది. తిరువాన్కూరులో బానిసత్వం 1855లో రద్దయినా భూమి చేతులు మారలేదు. అయ్యంకాళి (1863-1941) 1907లో సాధుజన పరిపాలన సంఘాన్ని స్థాపించి, దళితబాలల పాఠశాలప్రవేశం కోసం వ్యవసాయకూలీల సమ్మెను నడిపించాడు. క్రైస్తవంలోకి మారినా దళితులకు సమానత్వం దక్కలేదని గుర్తించిన పొయ్కయిల్ యోహన్నాన్ (1879-1939) ప్రత్యేక ఉద్యమాన్ని నిర్మించాడు. అతడు పుట్టిపెరిగిన మధ్యతిరువాన్కూరు సిరియన్ క్రైస్తవుల పల్లెలకు నెలవైన నేల. ఈ ఉద్యమాల వెలుగులో చదివితే జోప్పన్ ఒంటరి తిరుగుబాటుదారు కాడు. తరాల ప్రశ్నకు గొంతు ఇచ్చినవాడు. నవలలో మాత్రం అతని గొంతు దాదాపు ఒంటరిగానే వినిపిస్తుంది.

7. మరియమ్మ: రక్తం, వారసత్వం

నవల ముగింపులో మరియమ్మకు తెలిసే నిజం విభజిత అస్తిత్వమనే అంశాన్ని చివరి మెట్టుకు చేరుస్తుంది. ఆమె కన్నతండ్రి ఫిలిప్పోస్ కాదు, డిగ్బీ. నదిలో మునిగిపోయిందని అందరూ నమ్మిన తల్లి ఎల్సీ కుష్ఠుసోకి సెయింట్ బ్రిజెట్స్‌లో జీవించే ఉంది. బిడ్డకు, ఇంటికి కళంకం రాకూడదని తనను తాను చనిపోయినదానిగా చేసుకొంది.

పరంబిల్ రుగ్మతకు పేరు పెట్టిన మరియమ్మ శరీరంలో ఆ రుగ్మత లేదు. ఆ వంశవృక్షంలో ఆమె కొమ్మ కానేకాదు. అయినా ఆ వృక్షాన్ని చదవగలిగినది ఆమె ఒక్కతే. వారసత్వం రక్తంతో కాక బాధ్యతతో నిర్ణయమవుతుందని నవల ఇక్కడ సూచిస్తుంది. వలసకాలపు సంబంధంలో పుట్టిన సంతానాన్ని కళంకంగానో ద్రోహంగానో చూసే కథలు అనేకం. మరియమ్మ విషయంలో ఆ రెండు దారులూ మూతపడ్డాయి. ఇద్దరు తండ్రులలో ఎవరినీ వదులుకోవలసిన అవసరం ఆమెకు లేదు. ‘కటింగ్ ఫర్ స్టోన్’లో కవలలుగా చీలిన అస్తిత్వం ఇక్కడ ఒకే స్త్రీలో ఇమిడిపోయింది. తల్లీకూతుళ్ల నడుమ అద్దం అడ్డుగా నిలిచిన ఆఖరి దృశ్యం ఈ సమన్వయానికి కూడా హద్దు ఉందని గుర్తుచేస్తుంది. కనిపించడం వేరు, తాకగలగడం వేరు.

8. నవల పరిమితి

బిగ్ అమ్మచ్చి చిరకాల కోరిక పరంబిల్‌లో ఒక ఆసుపత్రి. కథ చివరి భాగంలో అది నెరవేరుతుంది. ఒక తల్లి ప్రార్థన భవనమై నిలబడడం పాఠకుని కదిలిస్తుంది. అయితే దయ చేసిన గొప్పల జాబితాలో జోప్పన్ ఆసుపత్రులను కూడా చేర్చాడన్న సంగతిని ఇక్కడ మరచిపోరాదు. భూమి గురించి వేసిన ప్రశ్నకు కథ చికిత్సాలయంతో బదులిచ్చింది. జోప్పన్ అడిగినది వాటా. దొరికినది వైద్యం.

ఈ జవాబులో వైద్యదృష్టి బలం, బలహీనత రెండూ ఉన్నాయి. రోగచరిత్ర వ్యక్తినుండి వ్యక్తికి నడుస్తుంది. దానికి బాధితుడు కనిపిస్తాడు. బాధను ఉత్పత్తిచేసే భూసంబంధం ఏ నాడిపైనా కణితిగా కనిపించదు. కేరళలో సమగ్ర భూసంస్కరణలు 1970 జనవరి 1నుండి అమలులోకి వచ్చాయి. పరంబిల్ వంటి ఇళ్ల చరిత్రలో అది అత్యంత ముఖ్యమైన తేదీలలో ఒకటి. నవల ఉద్వేగమంతా మాత్రం శస్త్రచికిత్స గది, శవపరీక్ష బల్ల, ఆశ్రమం చుట్టూ కేంద్రీకృతమైంది. నక్సలైట్‌గా మారిన లెనిన్ ఎవర్‌మోర్ కథ కూడా చివరకు అతని మెదడులోని కణితికి వెల్లూరులో జరిగే చికిత్సవైపు మళ్లుతుంది. రాజకీయంగా మొదలైన కథ రోగనిర్ధారణతో ముగియడం అక్కడ అత్యంత స్పష్టం.

ఫ్రాంజ్ ఫానన్ కూడా వైద్యుడే. ఆల్జీరియాలోని బ్లిడా మానసిక చికిత్సాలయంలో 1953 నుండి 1956 వరకు పనిచేసిన ఆయన, వలసవ్యవస్థలో చికిత్స ఎప్పుడూ అధికారంనుండి విడివడి ఉండదని, పాలితులు వైద్యుణ్ణి అనుమానించడంలో వారికొక తర్కం ఉందని విశ్లేషించాడు. చివరకు ఆసుపత్రికి రాజీనామా చేశాడు. వర్గీస్ పాత్రలలో డిగ్బీ కూడా వలససేవనుండి తప్పుకొన్నాడు. కాని అతడు చేరినది మరొక ఆసుపత్రి. ఇద్దరి మార్గాలలో ఒకటి మేలని తీర్పుచెప్పడం విమర్శకుని పని కాదు. వైద్యం వ్యవస్థకు ప్రత్యామ్నాయం కాగలదా అన్న ప్రశ్నకు వారు ఇచ్చిన సమాధానాలు భిన్నమైనవని గుర్తిస్తే చాలు.

తెలుగులో ఈ చర్చకు దగ్గరి ఉదాహరణ డాక్టర్ కేశవరెడ్డి. ఆయన వైద్యుడుగా పనిచేసిన నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లి విక్టోరియా కుష్ఠు చికిత్సాలయం, నిజాం రాజ్యంలో స్కాట్లాండ్ వైద్యురాలు ఇసబెల్ కెర్ కృషితో 1915లో ఏర్పడినది. సంస్థాన ప్రాంతం, కుష్ఠు ఆశ్రమం, స్కాట్లాండ్ వైద్యులు అనే మూడు అంశాలూ వర్గీస్ కల్పనకూ డిచ్‌పల్లి చరిత్రకూ ఉమ్మడివి. అయినా ‘అతడు అడవిని జయించాడు’, ‘మూగవాని పిల్లనగ్రోవి’, ‘చివరి గుడిసె’ నవలలలో కేశవరెడ్డి వైద్యుణ్ణి కథాకేంద్రంలో నిలపలేదు. పందులను మేపే ముసలివాడు, భూమి కోల్పోయిన రైతు, యానాదులు ఆయన నాయకులు. వర్గీస్ నవలలో బాధ వైద్యుని చేతికి చేరి అర్థమవుతుంది. కేశవరెడ్డి నవలలో బాధ వైద్యుడు చేరని చోట ఉండి తన భాషలో తాను మాట్లాడుతుంది. ఈ భేదాన్ని విస్తృతంగా పరిశీలించడం తులనాత్మక అధ్యయనానికి తగిన అంశం.

ముగింపు

‘ది కవనెంట్ ఆఫ్ వాటర్’ వలసవాదాన్ని పాలకుల క్రౌర్యంగా మాత్రమే చూపక, మంచివారిలోనూ పనిచేసే స్పర్శరాహిత్యంగా చూపింది. డిగ్బీ, ఫిలిప్పోస్, మరియమ్మ అనే మూడు పాత్రల ద్వారా విభజిత అస్తిత్వం ఒక జాతికో ఒక వర్గానికో పరిమితం కాదని నిరూపించింది. వైద్యుని ఓర్పు, పరిశీలన, శరీరంపై గౌరవం ఈ చిత్రణకు బలాన్నిచ్చాయి. అదే వైద్యదృష్టి భూమి, కులం వద్దకు వచ్చేసరికి కారణాన్ని వదలి లక్షణానికి ఉపశమనం వెదికింది.

అయితే ఈ లోపాన్ని ఎత్తిచూపడానికి కావలసిన ఆధారాన్ని విమర్శకునికి అందించినది కూడా ఈ నవలే. దయను నమ్మిన రచయిత, ఆ దయను నిలదీసే పాత్రను సృష్టించి, అతని వాదాన్ని బలహీనపరచకుండా పూర్తిగా మాట్లాడనిచ్చాడు. ఆ ప్రశ్నకు కథలో సరైన జవాబు దొరకలేదు. నీటి రుగ్మతకు కారణం తెలుసుకోవడానికి పరంబిల్ కుటుంబానికి మూడు తరాలు పట్టింది. షామువేల్‌కు దక్కవలసిన వాటా ఎంత అన్న లెక్క మాత్రం జోప్పన్ అడిగిన చోటనే, తేలకుండా మిగిలి ఉంది.